ఒక స్టెన్సిల్‌కి సరిపడా చదువు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలకు నెలా నెలన్నర ముందు మా వైపు బళ్లలో పిల్లల చేతికి ఒక కాగితం వచ్చేది. ఫుల్‌స్కేప్ సైజు, గరుకు కాగితం, ఒకవైపే అచ్చు. పైన ‘క్షేత్రమితి – ముఖ్య సూత్రములు’ అనో, ‘టెన్సులు పన్నెండు’ అనో శీర్షిక, దాని కింద టైపుతో కొట్టిన గీత. ఆ గీత కింద ఏడాది చదువంతా ఇరుక్కుని కూర్చునేది. నాలుగు మడతలు పెడితే చొక్కా జేబులో పట్టేది. సైక్లోస్టైల్ కాగితం అనేవాళ్లు చాలామంది. కాస్త పాతకాలపు మాస్టార్లు రోనియో కాగితం అనేవారు. కొత్తగా వచ్చినప్పుడు వేలితో రుద్దితే నల్లటి నూనె సిరా వేలికి అంటేది. చెమట పట్టిన జేబులో రెండు రోజులుంటే చొక్కాకీ అంటేది.

అలాంటి కాగితాలు కొట్టే చోట నేను పనిచేశాను. తెనాలిలో బోసు రోడ్డుకు దగ్గరగా ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. తెల్లవారుజామునుంచే లోయరు, హయ్యరు పరీక్షలకు కట్టినవాళ్లు గంటకో బ్యాచ్ చొప్పున వచ్చి టకటకలాడించి పోయేవాళ్లు. మధ్యాహ్నం మిషన్లు ఖాళీ. ఆ ఖాళీలో జాబ్ వర్క్ చేసేవాళ్లం. కోర్టు కాగితాలు, సొసైటీ మీటింగు నోటీసులు, పెళ్లిసంబంధాలవాళ్లకి బయోడేటాలు. డిసెంబరు దాటిందంటే మాత్రం మాస్టార్లదే రాజ్యం. డెబ్బైల నడిమి నుంచి ఎనభైలు ముగిసేదాకా ఈ ముచ్చట నా కళ్లముందు జరిగింది.

అప్పట్లో ఒక మాస్టారు తన క్లాసు పిల్లలకోసం ఏదైనా అచ్చు వేయించాలంటే దారులు మూడే. మొదటిది ప్రెస్సు. తెనాలిలో ప్రెస్సులకు కొదవలేదు, ట్రెడిల్ మిషన్ చప్పుడు లేని వీధి తక్కువ. కానీ వంద కాగితాలకోసం సీసం అక్షరాలు పేర్చడం గిట్టుబాటు కాదు. పైగా భిన్నాలు, వర్గమూలాలు ఉన్నాయంటే కంపోజిటర్ మొహం ముడుచుకునేవాడు. ఒక భిన్నం పేర్చే టైములో రెండు లైన్ల శుభలేఖ అయిపోతుంది మరి. రెండోది జెల్లీ పళ్లెం. జెలటిన్, గ్లిజరిన్ కలిపి కాచి పళ్లెంలో పోసి గడ్డకట్టిస్తారు. ఊదారంగు కాపీయింగ్ సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద పరిస్తే రాత జెల్లీలోకి దిగుతుంది. తర్వాత ఒక్కో తెల్లకాగితం అద్ది తీస్తే రాత కాగితం మీదికి వస్తుంది. నలభై యాభై కాపీలయ్యేసరికి ఊదా కాస్తా వెలవెలబోతుంది. మిషన్ లేని పల్లెటూరి బళ్లలో కొందరు హెడ్మాస్టార్లు ఇంట్లోనే ఈ వంట చేసుకునేవారు. మూడోది మా దారి.

స్టెన్సిల్ అంటే మైనం పట్టించిన పల్చటి కాగితం. వెనక ఆసరాగా దళసరి కాగితం, మధ్యలో కార్బన్. నెత్తిన మిషన్‌కి తగిలించుకోవడానికి రంధ్రాలు, అంచుల వెంబడి ఎక్కడిదాకా కొట్టొచ్చో చెప్పే గీతలు, అంకెలు. టైపు మిషన్‌లో రిబ్బన్ పని మాన్పించి, ఉత్త అక్షరాలు నేరుగా స్టెన్సిల్ మీద పడేలా కొట్టాలి. అక్షరం తగిలినచోట మైనం పక్కకు జరిగి సన్నటి సందు పడుతుంది. ఆ సందులోంచే సిరా కాగితం మీదికి దిగేది. మెత్తగా కొడితే అక్షరం పల్చగా పడుతుంది, గట్టిగా కొడితే తెగిపోతుంది. వేళ్లన్నిటిదీ ఒకే బలం ఉండాలి. హయ్యరు ఫస్టు క్లాసులో ప్యాసైనవాళ్లకు కూడా ఇది వెంటనే పట్టుబడేది కాదు, చిటికెన వేలు ఎప్పుడూ మోసం చేసేది.

ఇంగ్లీషు కొట్టేవాడికి ‘ఓ’ దగ్గర జాగ్రత్తగా ఉంటే చాలు. తెలుగు కొట్టేవాడి కష్టం వేరు. మన లిపి అంతా గుండ్రం, పైగా సున్నా లేకుండా ఒక్క వాక్యం నడవదు. కాస్త గట్టిగా తగిలితే సున్నా చుట్టూ కోసుకుపోయి మధ్య బిళ్ల ఊడిపడేది. అచ్చులో అది నల్లటి చుక్క. అలాంటివి ఓ ఇరవై పడ్డాయంటే పేజీకి మశూచి పోసినట్టుండేది. అందుకని మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారు కొత్తవాళ్లకి ముందు తెలుగు మిషన్ మీద సున్నాలే కొట్టించేవారు. గంటకోసారి పాత టూత్ బ్రష్‌తో అక్షరాల్లో ఇరుక్కున్న మైనం తోమాల్సిందే.

తప్పు పడితే ఎర్రటి కరెక్షన్ ఫ్లూయిడ్. గోళ్లరంగు సీసాలాంటి చిన్న సీసా, మూతకే కుంచె. తప్పు మీద పల్చగా రాసి, నోటితో ఊది, ఆరాక దానిమీద మళ్లీ సరైన అక్షరం కొట్టాలి. ఆరకముందే కొడితే అక్షరం అక్కడే అంటుకుంటుంది. దాని ఘాటుకు నాకు మధ్యాహ్నంపూట తల తిరిగేది. అయినా ఆ వాసన అంటే ఇష్టంగానే ఉండేది, దాచడమెందుకు.

లెక్కల కాగితం వచ్చిందంటే మాత్రం మూడు చేతులు పడాలి. తెలుగు టైపు మిషన్‌లో మన అక్షరాలకే చోటు చాలదు. వత్తులు, గుణింతాలు అన్నీ ఉన్న కొద్ది మీటల్లోనే సర్దాలి, ఇక ఎక్స్, వై, ప్లస్, మైనస్‌లకు జాగా ఎక్కడిది? అందుకని ముందు తెలుగు మాటలన్నీ కొట్టి, గుర్తులకు ఖాళీలు వదిలేవాళ్లం. తర్వాత స్టెన్సిల్ తీసి ఇంగ్లీషు మిషన్‌కెక్కించి, ఆ ఖాళీల్లో సరిగ్గా అదే లైనులో అక్షరాలు పడేలా రోలర్ సర్దుకుని కొట్టాలి. ఘాతాంకం వేయాలంటే రోలర్‌ను అర లైను వెనక్కి తిప్పి కొట్టి, మళ్లీ ముందుకు తేవాలి. ఇదంతా అయ్యాక వర్గమూలం గుర్తులు, త్రిభుజాలు, వృత్తాలు. వాటికి కింద లోహపు పలక పెట్టి, ఉక్కు మొన ఉన్న స్టైలస్‌తో చేత్తో గీయాలి. వృత్తం గీయడానికి కంపాస్ మొన దింపితే స్టెన్సిల్ మధ్యలో చిల్లి పడి అక్కడ సిరా కారుతుంది. అందుకని మేం పావలా బిళ్లా, అర్ధరూపాయి బిళ్లా దగ్గర పెట్టుకుని వాటి చుట్టూ గీసేవాళ్లం. ఆ ఏళ్లలో తెనాలి చుట్టుపక్కల పదో తరగతి ప్యాసైనవాళ్లలో చాలామంది చూసిన వృత్తాలు ప్రభుత్వం వారి నాణేలే.

ఇంత తతంగం కాబట్టే స్టెన్సిల్ అంటే ఖరీదు. స్టెన్సిల్‌కి ఇంత, టైపుకి ఇంత, కాగితానికి, రోలింగ్‌కి ఇంతని లెక్క కట్టి తీసుకునేవాళ్లం. పిల్లల దగ్గర తలా పదిపైసలో పావలాయో పోగుచేసి తెచ్చే మాస్టారికి రెండో స్టెన్సిల్ అంటే గుండె గుభేలుమనేది. ఏం రాసినా ఒక్కదాంట్లో సరిపోవాలి.

నేను చూసినవాళ్లలో ఒక లెక్కల మాస్టారు ఈ విద్యలో ఘనుడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చెప్పేవారు, సైకిల్ మీద వచ్చేవారు. మొదటిసారి తెచ్చిన రాతప్రతి చూసి, “మాస్టారూ, ఇది షీటున్నర అవుతుందండీ” అన్నాను.

“అరషీటు కొట్టేద్దాం. ఎర్ర పెన్సిలుందేమిట్రా అబ్బాయ్?” అన్నారు.

బల్ల పక్కనే స్టూలు మీద కూర్చుని కొట్టేయడం మొదలెట్టారు. స్తూపం ప్రక్కతల వైశాల్యం ఉంచారు, సంపూర్ణతల వైశాల్యం తీసేశారు. “పైనొక మూత, కిందొక మూత కలుపుకోలేడా? కలుపుకుంటాడు.” శంకువు ఘనపరిమాణానికి సూత్రం రాయకుండా ‘స్తూపంలో మూడోవంతు’ అని రాశారు. త్రికోణమితి పట్టికలో సైన్ వరస ఉంచి కాస్ వరస తీసేశారు. సున్నా నుంచి తొంభై డిగ్రీల దాకా ఉన్న సైన్ వరసను కుడినుంచి ఎడమకు చదివితే కాస్ వరసే కదా! లాగరిథమ్ విలువలు మొదట ఒకటి నుంచి పది దాకా రాసి తెచ్చారు. చివరికి మూడే మిగిలాయి: 2కి 0.3010, 3కి 0.4771, 7కి 0.8451. నాలుగంటే రెండు రెళ్లు, ఆరంటే రెండు మూళ్లు, ఎనిమిదీ తొమ్మిదీ అంతే, కూడుకుంటే వచ్చేస్తాయి. నాకు అనుమానం తీరక, “మరి ఐదో, మాస్టారూ?” అన్నాను. “పదిని రెండుతో భాగిస్తే ఎంతరా? ఒకట్లోంచి 0.3010 తీసెయ్” అన్నారు. చేసి చూశాను. 0.6990. పదో తరగతి మొక్కుబడిగా గట్టెక్కిన నాకు, లాగరిథమ్ అంటే ఏమిటో ఆ స్టూలు పక్కన నిలబడి తెలిసింది.

ఆయన పద్ధతి ఒకటే: పిల్లాడు తనంతట తాను రాబట్టుకోగలిగింది కాగితం మీద ఉండకూడదు. రాబట్టుకోలేనిదీ, మరిస్తే మునిగిపోయేదీ మాత్రమే ఉండాలి. ఆ లెక్కన చూస్తే స్టెన్సిల్‌కు ఉన్న ఇరుకే ఆయనకు అక్కరకొచ్చింది. జాగా ఎంతైనా ఉంటే ఆయనా అంత రాసేసేవారేమో.

ఇంగ్లీషు మాస్టార్ల తీరు వేరు. వాళ్లకు తీసేయడానికి ఏమీ ఉండదు. గో, వెంట్, గాన్ అని మూడు నిలువు వరసల్లో క్రియలు ఎన్ని పడితే అన్ని. అక్షరాల మధ్య సందు తగ్గించమని, లైన్ల మధ్య సందు తగ్గించమని బతిమాలేవారు. సోషల్ మాస్టారు పటాలు గీయమనేవారు. స్టెన్సిల్ మీద స్టైలస్‌తో ఆంధ్రప్రదేశ్ కోస్తా అంచు గీయడం అంత నరకం మరోటి లేదు, అంతకుమించి దాని గురించి చెప్పను.

స్టెన్సిల్ తయారయ్యాక మిషన్. మాది పాత జెస్టెట్నర్. ఆ పేరు ఒక మనిషిది. డేవిడ్ జెస్టెట్నర్ 1854లో హంగరీలో పుట్టి, లండన్ చేరి, మైనపు కాగితం మీద రాయడానికి చిన్న పళ్లచక్రం ఉన్న కలం తయారుచేసి, 1881 నాటికి ఆ వ్యాపారంలో స్థిరపడ్డాడు. సైక్లోస్టైల్ అన్నది ముందు ఆ కలం పేరే. మా మిషన్‌కి రెండు డ్రమ్ములు, వాటి చుట్టూ సిల్కు గుడ్డ, దాని మీద స్టెన్సిల్. ట్యూబులోంచి సిరా పిండి, రోలర్లు దాన్ని సమంగా పరిచేదాకా ఉత్తినే తిప్పి, తర్వాత కాగితం పెట్టి పిడి తిప్పాలి. మొదటి పది కాగితాలు మచ్చలతో వస్తాయి, అవి చిత్తు. ఆ తర్వాత ఒక లయ పడుతుంది. కాగితం గరుకుగా, సిరా పీల్చేదిగా ఉండాలి. నున్నటి బాండ్ పేపరు తెచ్చి దీని మీద కొట్టమనే పెద్దమనుషులుండేవారు. సిరా ఆరక, ఒక కాగితం ముఖం ఇంకోదాని వీపున అచ్చయ్యేది. వానాకాలంలో మామూలు కాగితం కూడా చెమ్మకి మెత్తబడి రెండేసి కలిసి లోపలికి పోయేది. అప్పుడు పొయ్యి దగ్గర కాగితాలు వెచ్చబెట్టుకున్న రోజులున్నాయి.

ఈ మిషన్‌కి కరెంటు అక్కర్లేదు. దివిసీమను ముంచిన 1977 నవంబరు తుఫాను మా ఊరి స్తంభాలనూ పడగొట్టింది. ఆ చీకటి రోజుల్లో లాంతరు వెలుగులో సాయం జాబితాలు కొట్టాం. పరీక్షల కాగితాలకి ఎన్నడూ అన్ని గంటలు పిడి తిప్పలేదు. అంతకుముందు ఎమర్జెన్సీలో ఇంకో ముచ్చట. సైక్లోస్టైల్ మిషన్ ఉన్నచోట కరపత్రాలు పుడతాయని పోలీసువారికి అనుమానం. ఒక కానిస్టేబులు అప్పుడప్పుడూ వచ్చి, వాడేసిన స్టెన్సిళ్లను వెలుతురుకు ఎత్తిపట్టి చదివేవాడు. శంకువు ఘనపరిమాణం దాకా చదివి, పెదవి విరిచి వెళ్లిపోయేవాడు.

కాలేజీ లెక్చరర్లు వచ్చారంటే వాళ్ల అవసరం వేరు. 1969లో పి.యు.సి. పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1968లో, పై చదువుల పుస్తకాలు తెలుగులో తేవడానికి తెలుగు అకాడమీ పుట్టింది. కెమిస్ట్రీ, ఎకనామిక్స్, లాజిక్కు, ఇన్ని సబ్జెక్టులకు పుస్తకాలు రాసి, అచ్చేసి, ఊరూరికీ చేర్చడం ఒక్క రోజులో అయ్యే పని కాదు. ఆ సందులో తెలుగు మీడియం పిల్లలకి ఆధారం లెక్చరరుగారి నోట్సే. వాటిలో సగం మాటలు ఆయనే కల్పించుకున్నవి. ఒకాయన ఒక మాట వాడితే పక్క కాలేజీ ఆయన ఇంకోటి. రెండూ మా దగ్గరికే టైపుకొచ్చేవి. తెలుగులో శాస్త్రం చెప్పడం ఎలా మొదలైందో చూడాలనుకునేవాళ్లకు ఆ కాగితాల్లో ఉన్నంత సరుకు అచ్చు పుస్తకాల్లో దొరకదని నా గట్టి నమ్మకం. పుస్తకంలో గెలిచిన మాటే ఉంటుంది, ఓడిపోయిన మాటలన్నీ స్టెన్సిళ్ల మీదే పోయాయి.

ట్యుటోరియల్ కాలేజీలు పుంజుకున్నాక సరుకు మారింది. మార్చిలో తప్పి సెప్టెంబరుకు కట్టినవాళ్లకోసం ‘ఇంపార్టెంట్ ప్రశ్నలు’, ‘తప్పక వచ్చు బిట్లు’ అన్న శీర్షికలు మొదలయ్యాయి. వాటిలో సూత్రం ఉండేది కాదు, జవాబు మాత్రం ఉండేది. ఏది తీసేయాలన్న ఆలోచన ఉండేది కాదు, ఏది వస్తుందన్న జోస్యం ఉండేది. కొట్టింది మేమే, డబ్బులూ బాగానే ఇచ్చారు. కానీ జిరాక్స్ వచ్చి ఈ కాగితాన్ని చంపిందంటే నేనొప్పుకోను. అది రాకముందే జబ్బు చేసింది.

జిరాక్స్ విద్య మనకు కొత్తే గానీ పుట్టి చాలాకాలమైంది. అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ 1938లోనే పొడి సిరాతో ప్రతి తీసి చూపించాడు. 914 అనే మిషన్ 1959లో బజారుకొచ్చింది. మన దేశంలో మోదీ జిరాక్స్ కంపెనీ 1983లో మొదలైంది. ఆ దశాబ్దం అయిపోకముందే తెనాలి స్టేషన్ రోడ్డులో గాజు పలక కింద ఆకుపచ్చ వెలుగు పరుగెత్తడం చూడటానికి జనం ఆగేవాళ్లు. మొదట్లో కాపీ ఖరీదెక్కువ, మా కాగితమే చవక. నాలుగేళ్లు తిరిగేసరికి లెక్క తలకిందులైంది. మాస్టారు చేత్తో రాసింది రాసినట్టు దింపేస్తుంటే మధ్యలో టైపు ఎందుకు, స్టైలస్ ఎందుకు? మా మిషన్ ఒక మూలకు చేరి, దానిమీద పాత పేపర్లు పేరుకున్నాయి. తర్వాత ఇనుప సామానువాడు తూకానికి తీసుకుపోయాడు. టైపు మిషన్లు ఇంకొన్నాళ్లు బతికాయి. చివరిదాకా వాటిని తయారుచేసిన గోద్రెజ్ కూడా 2009లో మానేసింది.

జిరాక్స్‌తో పాటు ఇంకొకటి వచ్చింది. పెద్ద పేజీని చిన్నది చేసే మీట. గైడులోని పేజీని కుదించి, ఆ కుదించినదాన్ని మళ్లీ కుదించి, అగ్గిపెట్టెలో పట్టేంత చీటీలు చేసి అమ్మేవాళ్లు. మైక్రో జిరాక్స్ అనేవాళ్లు వాటిని. జేబులో పట్టే చదువే అదీనూ. కానీ దాంట్లో మాస్టారు చెయ్యి లేదు, ఎర్ర పెన్సిలు లేదు. గైడులో ఉన్నదంతా ఉంది, అక్షరం మాత్రం చీమ తలకాయంత. మా ఫుల్‌స్కేప్ కాగితాన్ని పరీక్ష హాలుకి దొంగతనంగా తీసుకెళ్లాలన్నా కుదరదు, గరగరలాడుతుంది, సిరా వాసన కొడుతుంది. ఆ చీటీ అందుకోసమే పుట్టింది. 1997లో మాల్‌ప్రాక్టీసు నిరోధక చట్టం వచ్చింది. ఇప్పటికీ పబ్లిక్ పరీక్షలప్పుడు సెంటర్ల చుట్టుపక్కల జిరాక్స్ షాపులు మూసెయ్యమని ఉత్తర్వులు వస్తూనే ఉంటాయి. సైక్లోస్టైల్ మిషన్ మూసెయ్యమని పరీక్షలవాళ్లు ఎప్పుడూ రాలేదు. వచ్చినవాడల్లా ఎమర్జెన్సీ కానిస్టేబులే.

ఇప్పుడు మా మనవరాలి ఫోన్‌కి రోజూ నోట్సు వస్తాయి. ఒక్కో పాఠానికి నలభై పేజీలు. రంగులున్నాయి, బొమ్మలున్నాయి, వృత్తాలు నిజంగా గుండ్రంగా ఉన్నాయి. పిల్ల వాటిని చదవదు, దాచుకుంటుంది. దానికి లాగరిథమ్ మూడు అంకెల సంగతి చెబితే, “తాతయ్యా, ఇది ముందే చెప్పొచ్చుగా” అంది.

సైక్లోస్టైల్ కాగితాలు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉండే ఉంటాయి. పాత టెక్స్టుబుక్కుల మధ్య, ట్రంకుపెట్టెల అడుగున, కొన్నిచోట్ల అన్నం మెతుకులతో గోడకు అంటించినవి సున్నం కింద. మా నల్ల సిరా అంత త్వరగా వెలిసిపోదు, కాగితమే పెళుసై మడతల దగ్గర విరిగిపోతుంది. జెల్లీ ముద్ర కాగితాలైతే ఊదా రాత వెలుతురుకే ఎగిరిపోతుంది, వాటిని ఎండలో పెట్టకండి. దొరికితే చిత్తుకాగితాలవాడికి వెయ్యకండి. ఏ బడి, ఏ ఏడు, ఏ మాస్టారు చెప్పిన సబ్జెక్టో విడిగా ఒక చీటీ మీద రాసి జతచేసి, మీరు చదివిన బడికో మీ ఊరి గ్రంథాలయానికో ఇవ్వండి. ఇచ్చేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తీసేటప్పుడు రెండు వైపులా తీయండి. సిరా పీల్చే కాగితం కాబట్టి మేం ఒకవైపే అచ్చేసేవాళ్లం, వెనకవైపు పిల్లలు లెక్కలు చేసుకున్నారు.